పాత మాకింటోషులు - క్రొత్త దాస్యము

2025వ సంవత్సరము జూన్ మాసమున ఆపిల్ కంపెనీవారు తమ సాంవత్సరిక సభలో నొక ప్రకటన గావించిరి. 'టాహో' యను పేర తాము వెలువరింపనున్న నిర్వహణ వ్యవస్థయే ఇంటెల్ చిప్పులుగల మాకింటోషులకు కడపటిదనియు, ఆ పిమ్మట వచ్చువానికి తమ సొంత చిప్పులున్న యంత్రములే అర్హములనియు దాని సారాంశము. ఆ కడపటి మెట్టునకైనను ఎక్కనిచ్చినది నాలుగు రకముల ఇంటెల్ యంత్రములనే. తక్కినవన్నియు అంతకుముందే వెలివేయబడినవి. అదే యేడు అక్టోబరు 14వ తేదీన మైక్రోసాఫ్టువారును తమ విండోస్ పదింటికి సెలవు చెప్పిరి. కాలిఫోర్నియాలో వేదికపై నొకరు పలికిన రెండు వాక్యములకు కరీంనగరము టవర్ సర్కిల్ చుట్టునున్న ముద్రణాలయములోని యంత్రము చెత్తయగుట యెట్లు? దాని విద్యుత్తు మనది, దానిపై పనిచేయు చేతులు మనవి, దానికి పోసిన రూకలు మనవి. దాని ఆయువు మాత్రము వారిది!

మన జిల్లాలలో మాకింటోషు లెక్కడివని కొందరు నవ్వవచ్చును. నవ్వువారు తమ యిండ్లలో అటక లెక్కి చూడవలెను. ఒకప్పుడు పత్రికలకును, పెండ్లిపత్రికలకును పుటలు దిద్దిన ఐమాకులు కరీంనగరము, జగిత్యాల, మంచిర్యాల పట్టణములలోని ముద్రణాలయములలో గుడ్డ కప్పుకొని యున్నవి. ఫోటో స్టూడియోలలో నున్నవి. అమెరికాలో చదువుకొని అక్కడనే ఉద్యోగము సంపాదించిన కుమారుడు సెలవులకు వచ్చి, క్రొత్తది కొనుక్కొంటినని చెప్పి తండ్రికి వదలిపోయిన మాక్‌బుక్కు లెన్నియో యున్నవి. వానిని దుకాణమునకు గొనిపోయినచో లభించు తీర్పు ఒకటే: "సార్, దీనికి అప్‌డేటు రాదు, పారవేయుడు." తెర పగులలేదు, మీటలు చెడలేదు, జ్ఞాపకశక్తి తగ్గలేదు. రోగమేమనిన అప్‌డేటు రాదు!

ఈ తీర్పుపై మేము అప్పీలు దాఖలు చేయుచున్నాము.

సిరిసిల్ల పోయి చూడుడు. అక్కడి మరమగ్గములను సాంచాలందురు. వానిలో అనేకములు మన తండ్రులనాటివి. ఒక పండ్లచక్రము అరిగిన అక్కడి కమ్మరియో, మిస్త్రీయో క్రొత్తది పోసి బిగించును. సాంచా నడచును. ఆ సాంచాను చేసి అమ్మిన కంపెనీ యెప్పుడో మూతబడి యుండవచ్చును; ఆసామికి ఆ సంగతితో పనిలేదు. ఆ సాంచా లోపల నొక రహస్యపు గొళ్ళెముంచి, ఏడేండ్లకు ఒక మారు సూరతులోని వర్తకుడు అంగీకరించిననే అది తిరుగునని నిబంధన పెట్టినచో సిరిసిల్ల పద్మశాలీలు ఊరకుందురా? చదువుకొన్న మనము మాత్రము ఊరకున్నాము. ఆ గొళ్ళెమునకే ఆధునికత యని పేరు పెట్టి మురియుచున్నాము.

ఈ గొళ్ళెమును తీయు సాధనము లోకమున నున్నది. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గారు గ్నూ యను ఉద్యమమును ప్రకటించిరి. 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్సు కర్నెలును లోకమునకు విడిచెను. ఈ రెంటి కలయికయే నేడు లినక్సని మనము వాడుకగా పిలుచు వ్యవస్థ. దాని మూలగ్రంథమును ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, పంచవచ్చును. పుచ్చుకొన్నవానికిని ఆ హక్కులే యుండవలెననునది దాని లైసెన్సులోని ప్రాణము. ఈ టోర్వాల్డ్స్ తానే 2005 ప్రాంతమున పవర్ పీసీ చిప్పుగల మాకింటోషుపై లినక్సు నడిపినవాడు. 2022లో ఆపిల్ క్రొత్త చిప్పుగల ల్యాప్‌టాపు నుండి, అసాహి యను స్వచ్ఛంద సేవకుల బృందము సాధించిన లినక్సుతో, కర్నెలు 5.19ని విడుదల చేసినవాడు. యంత్రము మంచిదే; గొళ్ళెమే చెడ్డది. మాకును ఆపిల్ వారి లోహముపై ద్వేషము లేదు.

మన ప్రాంతమున ఈ పనికి పూనుకొన్నవారు లేకపోలేదు. 2005లో హైదరాబాదున ఏర్పడిన 'స్వేచ్ఛ' సంస్థవారు తెలుగు మాటలతో నడచు వ్యవస్థను రూపొందించిరి. కళాశాలలు తిరిగి, విద్యార్థులను కూర్చుండబెట్టి నేర్పిరి. 2010లో అఖిలభారత స్థాయిలో ఏర్పడిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమమునకు వారొక మూలస్తంభము. కేరళ రాష్ట్రమున పాఠశాల పిల్లలు ఏండ్ల తరబడి ఈ వ్యవస్థపైననే చదువుచున్నారు. అక్కడ సాధ్యమైనది గోదావరి యొడ్డున అసాధ్యమనుట మన సోమరితనమునకు మనము కుట్టుకొన్న శాలువ.

ఇంతవరకు ప్రతిపక్షమువారి మాట. ఇక మనవారి సంగతి.

మా ఉద్యమములోని యువకులు ఒక తప్పుడు ప్రచారము చేయుచున్నారు. "పెన్‌డ్రైవు గ్రుచ్చుడు, ఇరువది నిమిషములలో లినక్సు సిద్ధము" అని సభలలో చెప్పుచున్నారు. సాధారణ కంప్యూటరు విషయమున అది చాలవరకు నిజము. పాత మాకింటోషు విషయమున అబద్ధము. ఆ మాట నమ్మి ఆదివారము కూర్చున్న గృహస్థునకు సాయంకాలమునకు నల్లని తెరయే మిగులును. అతడు యంత్రమును పారవేయుటయే గాక, స్వేచ్ఛా సాఫ్ట్‌వేరను మాటను గూడ పారవేయును. ఒక్క వంచిత గృహస్థుడు పదిమంది శత్రువులకన్న ఎక్కువ చెరుపు చేయును. కావున చిక్కులున్నవని చెప్పుటయే ధర్మము. వానిని విప్పు తెరవును గూడ చెప్పుట కర్తవ్యము.

మొదటి చిక్కు ద్వారము వద్దనే. యంత్రము మేల్కొను క్షణమున ఫర్మువేరను కావలివాడొకడు లేచి, ఏ వ్యవస్థను లోనికి పంపవలెనో నిర్ణయించును. మాకింటోషులో గంట మ్రోగగానే ఆప్షన్ మీటను అదిమిపట్టినచో ఆ కావలివాడు లోనికి పోదగినవాని పట్టిక చూపును. ఇంతవరకు సులభము. అయితే 2006 చివరను, 2007లోను అమ్మబడిన కొన్ని యంత్రములలో నొక విచిత్రము కలదు. లోపలి ప్రాసెసరు 64-బిట్ భాష తెలిసినది. కావలివానికి 32-బిట్ భాషయే వచ్చును. సామాన్యమైన 64-బిట్ లినక్సు పెన్‌డ్రైవును వాని ముందుంచిన, ఆ భాష వానికి తెలియక త్రోసిపుచ్చును. డిస్కు పెట్టిన కొన్ని యంత్రములు మరొక వింత చేయును: రెండు ద్వారములలో నేది కావలెనని తెరపై ప్రశ్న వేసి, ఏ మీట నొక్కినను పలుకక బిగుసుకొనిపోవును. అప్పుడు గృహస్థుడు డిస్కు చెడినదని మరొకటి తయారుచేయును, అదియు అంతే. చెడినది డిస్కు కాదు. ఆ డిస్కులో రెండు విధముల ద్వారములుండుటయే ఆ కావలివానిని కంగారుపెట్టుచున్నది.

దీనికి దెబియన్ వారు చేసిన పని చరిత్రలో వ్రాసికొనదగినది. ఒకే ద్వారముగల డిస్కును మాక్ అను పేరుతో ప్రత్యేకముగ విడుదల చేసిరి. అంతటితో ఆగక, 2015లో వెలువరించిన తమ 8వ సంపుటమున 32-బిట్ కావలివాని చేత 64-బిట్ కర్నెలును లోనికి పంపించు వంతెనను గూడ కట్టిరి. ఇచ్చట చదువరులు ఒక తేదీని మరొక తేదీతో పోల్చవలెను. ఈ యంత్రములనే, వానిని తయారుచేసిన ఆపిల్ వారు 2012లో మౌంటెన్ లయన్ పంక్తినుండి లేపివేసిరి. కోట్ల డాలర్లు కలిగి, ఆ కావలివానిని తామే నియమించిన కంపెనీకి తోచని వంతెన, జీతమైన లేని స్వచ్ఛంద సేవకులకు మూడేండ్ల తరువాత తోచినది! తోచకపోవుటయా, తోచనక్కరలేకపోవుటయా? మేము వృత్తిరీత్యా సాక్షులను ప్రశ్నించువారము. ఈ ప్రశ్నకు సమాధానము మాకు అక్కరలేదు.

2006 తొలి నెలలలో అమ్మిన కోర్ డ్యుయో యంత్రములు వేరు. వానికి ప్రాసెసరే 32-బిట్. దెబియన్ వారు 2025 ఆగస్టున వెలువరించిన 13వ సంపుటముతో అట్టి యంత్రములకు స్థాపకమును మానుకొనిరి. 12వ సంపుటమే వానికి గతి. అంతకు పూర్వపు పవర్ పీసీ యంత్రములకు 2017లోనే అధికారిక ఆదరణ నిలిచినది; పోర్టుల శాఖలో కొందరు అభిమానులు మాత్రము దీపము ఆరకుండ కాచుచున్నారు. ఇది స్వేచ్ఛావర్గమువారు చేసినను మాకు కొంత కష్టమే. కాని ఒక భేదమున్నది. అక్కడ మూలగ్రంథము బజారులో నున్నది. ఓపికగలవాడు మరల ఎత్తుకొనవచ్చును. ఇక్కడ తాళము వేసి తాళపుచెవిని బావిలో వేసినారు.

రెండవ చిక్కు గడియారము. ఇది చూచుటకు అల్పము, చేయు అల్లరి అధికము. ఏండ్లుగా అటకపై పడియున్న యంత్రములో బ్యాటరీ చచ్చి, కాలము 2001 జనవరి 1వ తేదీకి వెనుదిరిగి యుండును. అప్పుడు అంతర్జాలములోని ప్రతి భద్రతాపత్రమును ఇంకను పుట్టనిదిగా యంత్రమునకు కనుపట్టును. ప్యాకేజీలు దిగవు, సైటులు తెరచుకొనవు, "ఇది ఇంకను చెల్లదు" అను దోషము తెరపై వచ్చును. కనెక్షను చెడినదనుకొని మనవాడు కేబులువానిని పిలిచి జగడమాడును. చేయవలసినది తేదీని దిద్దుటయే. టెర్మినలులో డేట్ అను ఆజ్ఞ చాలును. ఐమాకు లోపల నాణెము వంటి చిన్న బ్యాటరీ యుండును. అది మార్చినచో రోగము మరల రాదు.

మూడవది వైఫై. పాత మాకింటోషులలో పెక్కింట బ్రాడ్‌కామ్ కంపెనీవారి రేడియో చిప్పులున్నవి. వానిని నడుపు గ్రంథమును ఆ కంపెనీ పూర్తిగా బయటపెట్టలేదు. ఫలితముగ లినక్సు చక్కగ స్థాపితమైన తరువాత వైఫై గుర్తు మాత్రము కనబడదు. డ్రైవరు కావలెనన్న అంతర్జాలము కావలెను. అంతర్జాలము కావలెనన్న డ్రైవరు కావలెను. పెండ్లి కుదిరిన గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరిన గాని పెండ్లి కుదరదన్న సామెత ఇట్టి చోటనే పుట్టియుండును. ఉపాయము: ఆ యొక్క గంటసేపు వైరు కలుపుడు, లేదా ఆండ్రాయిడ్ ఫోనును యూఎస్‌బీ తీగతో తగిలించి దాని డేటాను పంచుడు. పిదప దెబియన్ వారి నాన్‌ఫ్రీ విభాగమునుండి ఆ చిప్పునకు తగిన డ్రైవరు దింపుకొనవచ్చును. చిప్పు సంఖ్య తెలిసికొనక అందినదెల్ల దింపినచో ఒకదానితో నొకటి పోట్లాడి రెండును పనిచేయవు.

ఇచ్చట మాలో మాకొక తగవు కలదు; దానిని దాచిపెట్టము. శుద్ధవాదులైన కొందరు మిత్రులు, మూసిన డ్రైవరు నొక్కదానిని చేర్చినను అది స్వేచ్ఛా వ్యవస్థ కాదందురు. మెట్‌పల్లి ఖద్దరు కట్టినవారికి ఈ వాదము క్రొత్తది కాదు. ఖద్దరు ఉద్యమపు తొలినాళ్ళలో పడుగు మిల్లునూలు, పేక చేతినూలు పెట్టి నేసిన గుడ్డలు వచ్చెను. అది ఖద్దరా కాదా యని సభలలో గొంతులు చించుకొన్నారు. కడకు రెండును చేతినూలే కావలెనన్న నియమము నిలిచినది. అయితే ఆ నియమము నిలుచునాటికి చేతినూలు పడుగునకు తగినంత గట్టిగ వడుకు నేర్పు దేశమునకు వచ్చెను. దెబియన్ సభ్యులు 2022లో ఓటు వేసి, 12వ సంపుటము నుండి ఇట్టి మూసిన ఫర్మువేరును స్థాపకములోనే చేర్చుటకు నిశ్చయించిరి. మేము ఆ నిర్ణయమును సమర్థింతుము. వైఫై లేని స్వచ్ఛమైన యంత్రమును బీరువాలో పూజింపవచ్చును గాని, దానిపై పఠనాలయమున కుర్రవాడు స్కాలర్‌షిప్పునకు దరఖాస్తు పంపలేడు. అయితే ఏది మూసినదో ఏది తెరచినదో ఆ కుర్రవానికి చెప్పవలెను. చెప్పక చేర్చుట మోసము.

తక్కినవి త్వరగ ముగింతుము. తెర నల్లబడినచో గ్రబ్ పట్టికలో 'ఇ' మీట నొక్కి, కర్నెలు వరుస చివర నోమోడ్‌సెట్ అను పదము చేర్చి చూడుడు. చిత్రపు చిప్పునకును కర్నెలునకును పొసగని చోట అది తాత్కాలిక సంధి. యంత్రము కాగిపోవుచు ఫ్యాను మాత్రము నెమ్మదిగ తిరుగుచున్నచో ఎంబీపీఫ్యాన్ అను చిన్న ప్రోగ్రాము ఆ లోపము తీర్చును. రామగుండములోను, ఆదిలాబాదులోను వేసవి యెట్లుండునో చదువరులకు వేరుగ చెప్పనేల; అంతకుముందు వెనుకపలక విప్పి పదేండ్ల ధూళి ఊదివేయుట మరువరాదు. రెండు జీబీల జ్ఞాపకముగల యంత్రమునకు ఎక్స్‌ఎఫ్‌సీఈ వంటి తేలికైన డెస్కుటాపు చాలును. నాలుగు జీబీలును, ఒక చౌక ఎస్ఎస్‌డీయు వేసినచో ముసలివాడు లేచి నడచును. అయినను నేటి సైటులు మ్రింగు జ్ఞాపకమునకు మితిలేదు గనుక, ఇరువది ట్యాబులు తెరచి ఫిర్యాదు చేయువారి మొర మేము వినము.

ఇక 2018 మొదలు 2020 వరకు వచ్చిన యంత్రములలో అనేకమున టీ2 యను భద్రతాచిప్పు కలదు. అది వెలుపలి పెన్‌డ్రైవును లోనికి రానీయదు. రికవరీలోనికి పోయి, పాత వ్యవస్థయొక్క పాస్‌వర్డుతో ఆ నిషేధమును సడలించిన తరువాతనే లినక్సు స్థాపన. తొందరపడి మొదటనే పాత వ్యవస్థను తుడిచివేసినవారు తాళములోపల తాళపుచెవి పెట్టి తలుపు వేసికొన్నవారగుదురు. అమెరికాలోని కుమారునకు ముందుగ ఫోను చేసి పాస్‌వర్డు అడుగుట, అతని ఖాతానుండి యంత్రమును విడిపించుమనుట ఉత్తమము. ఈ కాలపు దత్తస్వీకారపత్ర మది.

భాష సంగతికి వత్తము. పైన చెప్పినవన్నియు యంత్రపు బాధలు. ఇది మన బాధ.

తెలుగు లిపికి యూనికోడులో 1991లోనే స్థానమేర్పడినది. ఆపిల్ వారి మాకింటోషు వ్యవస్థలో తెలుగు ఫాంట్లు చేరినది 2011లో, లయన్ అను సంపుటముతో. ఇరువదియేండ్లు! కోట్లాదిమంది మాటాడు భాషకు, ద్విత్వ సంయుక్తాక్షరములు సరిగ కూర్చి చూపుటకు, అంత సంపన్నమైన కంపెనీకి పట్టిన వ్యవధి యిది. ఈలోగా స్వేచ్ఛావర్గములో లోహిత్ తెలుగు ఫాంటు వెలువడినది. గ్నోమ్ మొదలగు డెస్కుటాపులలోని మాటలను తెనిగించుటకు స్వచ్ఛంద సేవకులు రాత్రులు మేల్కొనిరి. లయన్ వరకు పోలేని 2006 నాటి తొలి ఇంటెల్ యంత్రములకు ఆపిల్ ఇచ్చిన తెలుగు శూన్యము. అదే యంత్రముపై లినక్సు వేసి తెలుగున ఉత్తరము వ్రాయవచ్చును. వర్తకుడు నిరాకరించిన అక్షరమును సేవకుడు తెచ్చి యిచ్చినాడు.

తెలుగువారమైన మన గతి యిట్లుండ, మన యింటిలోనే మనకన్న చిన్నవాని గతి యేమి? ఆదిలాబాదు జిల్లా నార్నూరు మండలమున గుంజాల యను గ్రామము కలదు. గోండుల సొంత లిపిలో వ్రాసిన ప్రతులు ఆ గ్రామమున లభించినవి. ఆచార్య జయధీర్ తిరుమలరావు గారును, హైదరాబాదు విశ్వవిద్యాలయపు వారును వానిని వెలికి తెచ్చి లోకమునకు చూపిరి. 2018 జూన్‌లో ఆ లిపి, గుంజాల గోండి యను పేర, యూనికోడు 11వ సంపుటమున చేరినది. 1940లలో హైమన్‌డార్ఫ్ గారు మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ యిచ్చి వాచకములు వేయించినప్పుడు వానిని దేవనాగరిలో వేయించవలసి వచ్చెను. నేడు ఆ బిడ్డల మనుమలకు సొంత అక్షరము దొరకినది.

దొరకినది గదా, ఏ యంత్రముపై? 2018కి పూర్వమే అప్‌డేటు నిలిచిన మాకింటోషు ఆ లిపి పేరైన వినలేదు. దానిపై ఆ అక్షరములకు బదులు ఖాళీ పెట్టెలు కనబడును. అదే యంత్రముపై నేటి లినక్సును, స్వేచ్ఛగ లభించు నోటో వర్గపు గుంజాల గోండి ఫాంటును వేసినచో, అక్షరములను కూర్చు హార్ఫ్‌బజ్ అను యంత్రాంగము వానిని గుణింతములతో సహా పేర్చి చూపును. ఉట్నూరు ఆశ్రమపాఠశాలలోని ఒక గదిలో పది పాత యంత్రము లుండి, వానిపై గోండు బిడ్డ తన లిపిలో తన పేరు చూచుకొనుట కల యని మాకు తోచదు. కావలసిన సామగ్రి అంతయు నేడే యున్నది, ఖర్చు రవాణాకూలి. అప్‌డేటు రాదను నెపముతో ఆ పది యంత్రములను తూకమునకు అమ్మువారు, తాము తూచి యిచ్చుచున్నది ఇనుమని అనుకొనుచున్నారు.

చట్టము అడ్డు రాదా యని అడుగువారు కలరు. ఆ ప్రశ్న మా వృత్తిలోనిది. రాదు. కొన్న యంత్రము కొన్నవాని సొత్తు. ఆపిల్ లైసెన్సు తమ వ్యవస్థను ఇతరుల యంత్రములపై వేయరాదనును. తమ యంత్రముపై ఇతరుల వ్యవస్థను వేయరాదనలేదు. 2006లో బూట్ క్యాంప్ అను పేర విండోసును తామే స్వాగతించిరి. 1957 నాటి కాపీరైటు చట్టము 52వ సెక్షను, ప్రోగ్రాములు ఒకదానితో నొకటి పొసగుటకు అవసరమైన సమాచారమును, అది వేరుగ దొరకనిచో, న్యాయముగ పొందినవాడు శోధించి తెలిసికొనుట నేరము కాదన్నది. భారత ప్రభుత్వము 2015లో తన కార్యాలయములందు ఓపెన్ సోర్సునకు ప్రాధాన్యమిచ్చు విధానమును ప్రకటించినది. 2022లో మరమ్మతు హక్కునకొక పోర్టలు తెరచినది. ఐరోపావారు 2024లో మరమ్మతు హక్కును శాసనముగ జేసిరి. మనవద్ద పోర్టలున్నది, శాసనము లేదు. పాత ఫోనుల వేగమును చెప్పకుండ తగ్గించినందులకు ఫ్రాన్సు ప్రభుత్వము 2020లో ఆపిల్ సంస్థకు రెండుకోట్ల యేబది లక్షల యూరోల జరిమానా వేసినది. శాసనము కోరలు కలిగియున్నచో ఎంతటి కంపెనీయైనను చెక్కు వ్రాయునని దీనివలన తెలియుచున్నది. అంతవరకు 2012 చివరనుండి వచ్చిన ఐమాకుల తెరలను జిగురుతో అంటించి, మరచీల స్థానమున మన యోపికను పరీక్షించుచునే యుందురు.

"ఫోనులున్న కాలమున ఈ పాతసామాను గొడవ యేల?" అను ఆక్షేపణకు ఒక్క మాట. ఫోను చూచుటకు; కంప్యూటరు చేయుటకు. ఫోనులో కుర్రవాడు ప్రేక్షకుడు. మీటల ముందు కూర్చున్నప్పుడే వాడు రచయిత, గణకుడు, నిర్మాత. ఐక్యరాజ్యసమితివారి లెక్క ప్రకారము 2022లో లోకము పారవేసిన విద్యుత్పరికరముల చెత్త 6 కోట్ల 20 లక్షల టన్నులు. అందులో సక్రమముగ తిరిగి వినియోగమునకు చేర్చబడినట్లు లెక్కకు వచ్చినది నూటికి 22 పాళ్ళు. తక్కినది ఏ వాగులో కాలుచున్నదో పొగ చూచి తెలిసికొనవలసినదే.

1935లో సిరిసిల్లలో మాడపాటి హనుమంతరావు గారి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ కూడినప్పుడు, గ్రంథాలయము తెరచుటకు, బడి పెట్టుటకు సర్కారు అనుమతి కావలసిన రోజు లవి. ఆ అనుమతుల కాలము పోయినది. నేడు ఇంటిపన్నుతోబాటు గ్రంథాలయపు పన్నును మనమే కట్టుచున్నాము. జిల్లా గ్రంథాలయ సంస్థలు మనవి. కావున ఆ సంస్థల అధ్యక్షులను మేము అడుగునది మూడే. పాత కంప్యూటర్లను వేలము వేయుటకు ముందు లినక్సు వేసి చూచితిమి, పనికిరాలేదని ఒక వ్రాతమూలకమైన నివేదిక ఫైలులో నుంచవలెను. క్రొత్తవాని టెండరులో ఫలానా కంపెనీ వ్యవస్థయే యుండవలెనను వాక్యమును కొట్టివేసి, 2015 నాటి విధానమును ఉదాహరింపవలెను. కరీంనగరములోను, ఆదిలాబాదులోను కేంద్ర గ్రంథాలయమున నెలకొక ఆదివారము ఒక బల్లయు, రెండు ప్లగ్గులును, ఒక నెట్‌వర్కు తీగయు ప్రజలకు విడువవలెను. మొదటిదానికి కాగితము, రెండవదానికి సిరా, మూడవదానికి విద్యుత్తు తప్ప వేరు వ్యయము లేదు. బాసర ట్రిపుల్ ఐటీ విద్యార్థులును, శాతవాహన విశ్వవిద్యాలయపు విద్యార్థులును ఆ బల్లకు కావలసిన చేతులను సమకూర్పగలరు.

ముద్రాపకులకు మాత్రము ఒక హెచ్చరిక. మీ పాత యంత్రములలో ఇరువది ముప్పదియేండ్ల తెలుగు కలదు: కవుల తొలి పుస్తకములు, సభల కరపత్రములు, ఊరి చరిత్రలు. అందులో అధికభాగము యూనికోడు రాకపూర్వపు ప్రైవేటు ఫాంట్లలో, పేజ్‌మేకరు వంటి మూతబడిన ప్రోగ్రాములలో నున్నది. ఆ ఫాంటు లేనిచోట తెరచిన అది తెలుగు కాదు, ఆంగ్లాక్షరముల గందరగోళము. లినక్సు వేయు ఉత్సాహమున డిస్కును తుడిచితిరా, అదంతయు పోవును. కావున ముందుగ పాత వ్యవస్థ లేచియుండగనే ప్రతి ఫైలును పీడీఎఫ్‌గా నొక ప్రతి తీయుడు. ఫాంట్ల సంచిని గూడ వేరుగ భద్రపరచుడు. డిస్కు మొత్తమును మరొక డిస్కుపైకి నకలు చేయుడు. ఆ తరువాతనే పెన్‌డ్రైవు గ్రుచ్చి ఆప్షన్ మీట అదుముడు.